చీర సంగతి రాయొద్దంది

జనవరి 25 సాయంత్రం మా ఇంట్లో అందరూ పద్మ అవార్డుల కోసం టీవీ ముందు కూర్చుంటారు. తెలుగువాళ్ళు ఎంతమందో మా అబ్బాయి వేళ్ళ మీద లెక్కపెడుతుంటాడు. నేను ఎదురుచూసేది ఇంకో జాబితా కోసం. అది కూడా ఇంచుమించు అప్పుడే వస్తుంది, కానీ టీవీలో ఎవరూ చదవరు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఏ మూలనో నాలుగు లైన్లు వేస్తే వేసినట్టు. ఇంకొకరి ప్రాణం కాపాడినవాళ్ళకిచ్చే జీవన్ రక్షా పదక్ జాబితా అది. కళ్ళజోడు తుడుచుకుని మరీ చదువుతాను. ఎవరు, ఏ ఊరు, నీళ్ళా, నిప్పా, కరెంటా. మా ఆవిడకి సంగతి తెలుసు. టీ కప్పు పక్కన పెట్టేసి వెళ్ళిపోతుంది, ఏమీ అడగదు.

నేను రెవెన్యూలో 33 ఏళ్ళు చేసి డిప్యూటీ తహశీల్దారుగా రిటైరయ్యాను. అందులో ఆరేళ్ళు ఒక కలెక్టరేటులో సీనియర్ అసిస్టెంటుని. ఏ జిల్లానో చెప్పను, గోదావరి కాలవలు పారే జిల్లా అనుకోండి చాలు. నా సీటుకి తుపాకీ లైసెన్సులు, సినిమా హాళ్ళ లైసెన్సులు, దీపావళి టపాకాయల కొట్ల అనుమతులు ఉండేవి. వాటితోపాటు ఎవరికీ అక్కర్లేని సబ్జెక్టు ఒకటి తోక లాగా ఉండేది. సాహస అవార్డులు. ఏడాదికోసారి హైదరాబాదు నుంచి కాగితం వచ్చేది, మీ జిల్లాలో అర్హులెవరైనా ఉంటే పంపండి అని. డివిజన్లకీ మండలాలకీ నకళ్ళు కొట్టించి పంపేవాణ్ణి. అన్ని చోట్ల నుంచీ 'నిల్' వచ్చేది. 'నిల్' అని పైకి రాసి ఫైలు మూసేవాణ్ణి. అంత సుఖమైన సబ్జెక్టు ఇంకోటి లేదు.

2003 జనవరిలో, ఒక సోమవారం గ్రీవెన్సులో వచ్చిన అర్జీ ఆ సుఖం చెడగొట్టింది. రాసింది ఒక హైస్కూలు తెలుగు మాస్టారు. ముత్యాల్లాంటి దస్తూరీ, నాలుగు పేజీలు. కలెక్టరుగారు మార్జిన్లో ఆకుపచ్చ సిరాతో 'పరిశీలించి పుటప్ చేయండి' అని రాశారు. అంతకుముందు నవంబరులో పిల్లల్ని తీసుకెళ్తున్న ఆటో ఒకటి కాలవలో పడిందట. నలుగురు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే బయటికి వచ్చారు. లోపల ఇరుక్కుపోయిన ముగ్గురు చిన్నపిల్లల్ని గట్టు మీద గేదెకి గడ్డి కోసుకుంటున్న ఒకామె దిగి లాగిందట. అందుకని ఆమెకి అశోక చక్ర ఇప్పించమని మాస్టారి కోరిక. నీరజా భనోత్ ప్రస్తావన కూడా తెచ్చారు.

నవ్వొచ్చింది నాకు, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. మాస్టారు అడిగింది మరీ తప్పేం కాదు. పరమవీర చక్ర శత్రువుకి ఎదురుగా నిలబడ్డవాళ్ళకి. యుద్ధం కాని చోట చూపించిన సాహసానికి 1952లో వేరే వరస పెట్టారు, ఒకటో తరగతి, రెండో తరగతి, మూడో తరగతి అని. వాటికే 1967లో అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర అని పేర్లు మార్చారు. అవి మామూలు పౌరులకి కూడా ఇస్తారు. 1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్ యామ్ విమానాన్ని హైజాక్ చేసినప్పుడు అందులో ఎయిర్‌హోస్టెస్‌గా ఉన్న నీరజ ప్రయాణికుల్ని తలుపులోంచి దాటించి తను తూటాలకి పోయింది. ఇంకో రెండు రోజులుంటే 23 ఏళ్ళు నిండేవి. ఆమెకి ఇచ్చింది అశోక చక్రే.

కానీ నీళ్ళలో మునిగేవాళ్ళని, మంటల్లో చిక్కుకున్నవాళ్ళని, కరెంటు షాకు కొట్టినవాళ్ళని, గనుల్లో ఇరుక్కున్నవాళ్ళని కాపాడిన వాళ్ళ కోసం వేరే పతకం ఉంది. అదే జీవన్ రక్షా పదక్, 1961లో పెట్టారు. ఇందులోనూ మూడు మెట్లున్నాయి. సర్వోత్తమ్, ఉత్తమ్, ఆ తర్వాత ఏ విశేషణమూ లేని జీవన్ రక్షా పదక్. మా సూపరింటెండెంటుగారు 'సర్వోత్తమ్, ఉత్తమ్, ఉత్త' అనేవారు. మెట్టు ఎక్కేదీ దిగేదీ కాపాడినవాడికి ఎంత ప్రమాదం ఉందన్నదాన్ని బట్టి. ప్రాణానికి చాలా పెద్ద ముప్పు ఉంటే మొదటిది, పెద్ద ముప్పు ఉంటే రెండోది, ఒళ్ళు తీవ్రంగా గాయపడే ప్రమాదముంటే మూడోది. 'చాలా పెద్ద'కీ 'పెద్ద'కీ మధ్య గీత ఎక్కడ గీయాలో మాత్రం ఎవరూ రాయలేదు. సైన్యం, పోలీసు, ఫైరువాళ్ళు తమ డ్యూటీలో భాగంగా చేస్తే లెక్కలోకి రాదు, డ్యూటీ బయట చేసుండాలి. పతకం మీద అభయహస్తం ఉంటుంది. ఇప్పుడైతే పతకంతోపాటు రెండు లక్షలు, లక్షన్నర, లక్ష ఇస్తున్నారు, మెట్టుని బట్టి. ఇంకో షరతు కూడా ఉంది. ఘటన జరిగిన రెండేళ్ళలోపు కాగితాలు ఢిల్లీ చేరాలి.

ఈ ఆఖరి షరతు గుర్తుంచుకోండి.

అర్జీ మీద రిపోర్టు పంపమని ఎం.ఆర్.ఓ.కి రాశాను. ఏప్రిల్లో వచ్చింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు తీసుకున్న వాంగ్మూలం, పంచాయతీవాళ్ళ సర్టిఫికెట్, స్టేషను నుంచి ఒక చీటీ. అన్నిట్లోకీ ఆ చీటీయే పల్చన. ఆటో పడింది, ప్రాణనష్టం లేదు అని జనరల్ డైరీలో రెండు లైన్లు, అంతే. ఎఫ్.ఐ.ఆర్. లేదు, పంచనామా లేదు, డాక్టరు సర్టిఫికెట్ అంతకన్నా లేదు. ఎలా ఉంటాయి? ఎవరూ పోలేదు కదా. ఒక్క పిల్లవాడు పోయుంటే ఫైలు రెండంగుళాల మందాన ఉండేది. శవపంచనామా, పోస్టుమార్టం, సాక్షులు, నీళ్ళ లోతు, ఆటో కొలతలు, సర్వం. ముగ్గురినీ బతికించింది కాబట్టి ఆమె చేసిన పనికి కాగితం పుట్టలేదు. ఇది నాకు అప్పుడు తట్టలేదు. ఆ ఫైలు పోయిన చాలా ఏళ్ళకి, రాత్రి నిద్ర పట్టక పడుకున్నప్పుడు తట్టింది.

ఆమె వాంగ్మూలం ఐదారు లైన్లకి మించదు. నేను గడ్డి కోసుకొనుచుండగా ఆటో పడినది, నీళ్ళలోకి దిగి పిల్లలను పైకి తీసితిని, నాకు గాయములు లేవు. కింద వేలిముద్ర.

ఆ ఊరు మా అత్తగారి ఊరికి మూడు కిలోమీటర్లు. పండక్కో దేనికో వెళ్ళినప్పుడు ఒక ఆదివారం బావమరిది సైకిలేసుకుని పోయాను. ఫైలు మీద శ్రద్ధ అని చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ మధ్యాహ్నం భోజనమయ్యాక తోచక వెళ్ళాను, నిజం అది.

కాలవ గట్టు మీద పూరిల్లు, ముందు గేదె, పేడకుప్ప. నన్ను చూసి ఆమె కొంగు సర్దుకుని నులక మంచం వాల్చింది. ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చాడనుకుంది. గుమాస్తానమ్మా అంటే నమ్మలేదు. చోటు చూపించమంటే చూపించింది. గట్టు అక్కడ నిటారుగా ఉంది, మెట్లు గానీ రేవు గానీ లేవు. నీళ్ళ నిండా గుర్రపుడెక్క.

"ఈత వచ్చా అమ్మా?"

"రాదండి బాబూ. రేవులో మునగడం వరకే."

"మరి ఎలా దిగావు?"

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గట్టు మీద తుమ్మచెట్టు చూపించింది. కట్టుకున్న చీర విప్పి, ఒక కొస ఆ మొదలుకి ముడేసి, రెండో కొస చేతికి చుట్టుకుని దిగిందట. ఆటో ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. లోపల చేతికి తగిలినవాళ్ళని తగిలినట్టు లాగి, చీర పట్టుకుని గట్టుకి రావడం, పిల్లని తుమ్మ వేళ్ళ మీదకి తోసి మళ్ళీ వెళ్ళడం. మూడు సార్లు. మూడోసారి డెక్క కాళ్ళకి చుట్టుకుని మునిగిపోయిందట, చీరే లాగిందట. "నేత చీరండి, ముడి కదల్లేదు" అంది. ఆటోవాడు అప్పటికే పారిపోయాడు. పైకి వచ్చిన నలుగురు పిల్లలు ఊళ్ళోకి పరిగెత్తారు.

జనం వచ్చేసరికి ముగ్గురు పిల్లలూ గట్టు మీద ఏడుస్తున్నారు. ఈమె మాత్రం మెడలోతు నీళ్ళలోనే ఉండిపోయింది, పైకి రాలేదు. ఆఖరి పిల్ల గట్టెక్కాక చీర ఊడి డెక్క కిందకి పోయింది. దాదాపు అందరూ మగవాళ్ళు. రావేం, రావేం అని గట్టు మీద నుంచి అరుస్తున్నారు. నవంబరు నెల, సాయంత్రం. ఒకావిడకి విషయం అర్థమై ఇంటికి పోయి చీర తెచ్చి విసిరేదాకా అరగంట పైనే అలాగే ఉంది. తర్వాత నాలుగు రోజులు జ్వరం.

"ఇదంతా మొన్న వచ్చినాయనకి చెప్పావా అమ్మా?"

"చెప్పలేదండి. మీరూ చీర సంగతి రాయకండి బాబూ. నలుగురు చదువుకునే కాగితం."

రాయనని మాటిచ్చాను.

జూన్‌లో ఫైలు హైదరాబాదు వెళ్ళింది. జూలైలో తిరిగొచ్చింది, ఒక కొర్రీతో. కాపాడిన వ్యక్తి ప్రాణానికి ఏ మేరకు ప్రమాదం ఏర్పడినదో, ఆమెకు ఈత తెలియునో తెలియదో, ప్రత్యక్షసాక్షులెవరో స్పష్టపరచవలెను అని. న్యాయమైన ప్రశ్నలే. మూడింటికీ నా దగ్గర జవాబుంది, అరగంటలో రాసేయొచ్చు. కానీ ఆ నెలాఖరు నుంచే గోదావరి పుష్కరాలు. జూలై 30 మొదలు ఆగస్టు 10 దాకా రెవెన్యూవాడికి తిండీ నిద్రా లేవు. పుష్కరాలయ్యాయి. నవంబరులో అసెంబ్లీ రద్దయింది. ఓటర్ల జాబితాలు, ఎలక్షన్ డ్యూటీలు, 2004 ఏప్రిల్లో పోలింగు. నా పర్సనల్ రిజిస్టరులో ఆ ఫైలు నంబరు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఎక్కుతూ పోయింది. మాస్టారు రెండు సార్లు కలెక్టరేటుకి వచ్చారు. 'ప్రాసెస్‌లో ఉందండి' అన్నాను. ఆఫీసుల్లో అంతకన్నా చక్కని మాట లేదు, అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నదేంటంటే, ఆమెకిచ్చిన మాట కోసమే రాయలేదని. చీర లేకుండా ఆ ప్రమాదం ఎలా చెప్పను, చీర రాస్తే మాట తప్పినట్టు కదా అని. బాగానే ఉంది వినడానికి. కానీ 'తాడు కట్టుకుని దిగింది' అని రాస్తే సరిపోయేది. 'గుడ్డ' అన్నా సరిపోయేది. ఏళ్ళ తరబడి కాగితాలతోనే బతికినవాడికి ఆ మాత్రం మాట దొరకదా? బద్ధకం. దానికి సెంటిమెంటు చుట్టబెట్టాను, అంతే.

2004 డిసెంబరులో ఫైలు మళ్ళీ తీశాను. నవంబరుతో రెండేళ్ళు నిండాయి. 'కాలపరిమితి దాటినందున తదుపరి చర్య అవసరం లేదు' అని నోటు రాశాను. సూపరింటెండెంటుగారు సంతకం పెట్టారు. ఎల్.డిస్. చేశాం. ఈ సర్వీసులో లేనివాళ్ళ కోసం చెబుతున్నాను. మూసిన ఫైలుకి ఒక ఆయుష్షు రాస్తాం. ఆర్.డిస్. అయితే ఎప్పటికీ ఉంచాలి, డి.డిస్. అయితే పదేళ్ళు. ఎల్.డిస్. అంటే ఒక్క ఏడాది, తర్వాత చింపేయడమే. మాస్టారి నాలుగు పేజీల ముత్యాల దస్తూరీ కూడా అందులోనే పోయింది.

ఆ తర్వాత ఈ పతకం గురించి ఎక్కడ కనబడినా చదవడం అలవాటైంది. జస్వంత్ సింగ్ గిల్ సంగతి అలాగే తెలిసింది. అమృత్‌సర్ వైపు సర్దార్జీ, బొగ్గు కంపెనీలో ఇంజినీరు. 1989 నవంబరులో పశ్చిమ బెంగాల్లో రాణీగంజ్ దగ్గర మహావీర్ గనిలోకి నీళ్ళొచ్చి పడ్డాయి. 65 మంది లోపల ప్రాణాలతో చిక్కుకుపోయారు. పై నుంచి గనిలోకి బోరు వేసి, రెండడుగుల వెడల్పు కూడా లేని ఆ రంధ్రంలోకి ఒక మనిషి నిలబడేంత ఇనప గొట్టం దింపి, ఒక్కొక్కరినీ లాగాలని గిల్ ఆలోచన. అప్పటికప్పుడు వర్క్‌షాపులో వెల్డింగ్ చేయించారు. లోపలికి దిగి జనాన్ని వరసలో పెట్టడానికి ఒకరు కావాలి. పెద్ద ఆఫీసరువి నువ్వు దిగకూడదన్నా వినకుండా తనే దిగాడు. ముందు దెబ్బలు తగిలినవాళ్ళని, జ్వరంతో ఉన్నవాళ్ళని పంపాడు. నవంబరు 16 పొద్దుటికి 65 మందీ బయటపడ్డారు, ఆఖర్న తను వచ్చాడు. 1991లో రాష్ట్రపతి వెంకట్రామన్ గారి చేతుల మీదుగా సర్వోత్తమ్ జీవన్ రక్షా పదక్ అందుకున్నాడు. 2010లో చిలీ గనిలో 33 మందిని ఇలాగే గొట్టంలో పైకి తీస్తుంటే ప్రపంచమంతా టీవీలో చూసింది. నేనూ చూశాను. ఆ పని మన దగ్గర 21 ఏళ్ళ ముందే అయిందని మా ఇంట్లో చెబితే ఎవరూ నమ్మలేదు.

గిల్ గారి ఫైలు ఎలా ఉండి ఉంటుందో అని ఊహించుకుంటుంటాను. గుమాస్తా బుద్ధి. 65 మంది సాక్షులు, గని చుట్టూ వేల జనం, పేపర్లవాళ్ళు. ఏ సెక్షను వాడు కొర్రీ వేస్తాడు? పిల్లల సాహస అవార్డులు పుట్టిన కథ కూడా అంతే. 1957 అక్టోబరు 2న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో షామియానా అంటుకుంటే, హరిశ్చంద్ర అనే 14 ఏళ్ళ స్కౌటు కుర్రాడు కత్తితో గుడ్డ చీల్చి జనానికి దారి చేశాడు. ఆ ప్రదర్శన చూస్తున్నవాళ్ళలో నెహ్రూ గారున్నారు. ప్రత్యక్షసాక్షి సాక్షాత్తూ ప్రధానమంత్రి! వాడి ధైర్యాన్ని నేనేం తక్కువ చేయడం లేదు. మా కాలవ గట్టు మీద ఉన్నది మాత్రం ముగ్గురు పిల్లలు. పెద్దదానికి ఆరేళ్ళు. చీర చూసింది వాళ్ళే.

మాస్టారు 2011లో పోయారు. ఆయనకి నిజం చెప్పలేదు.

మొన్న సంక్రాంతికి మా అత్తగారి ఊరు వెళ్ళాం. కారు ఉంది కాబట్టి ఈసారి కాలవ గట్టు దాకా మా ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళాను. గట్టుకి ఇప్పుడు సిమెంటు పిట్టగోడ కట్టారు, తుమ్మచెట్టు లేదు. పూరింటి స్థానంలో రెండు గదుల స్లాబ్ ఇల్లు. ఆమెకి డెబ్భై దాటి ఉంటాయి. నన్ను గుర్తుపట్టలేదు. గుమాస్తానమ్మా, సైకిలు మీద వచ్చాను అంటే, "ఓ, మంచం మీద కూర్చోకుండా నిలబడ్డ బాబుగారు" అంది. పతకం ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ ముగ్గురిలో ఒకమ్మాయి నర్సయిందట, బి.పి. చూడ్డానికి వస్తుందట. అది చెప్పినంతసేపు చెప్పింది.

వచ్చేముందు మా ఆవిడ బొట్టు పెట్టి చీర చేతిలో పెట్టింది. రాజమండ్రిలో కొన్నది, మెత్తగా జారిపోయే రకం, నీలం రంగు. ఎందుకని ఆమె అడగలేదు. కొస బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసింది. ఒక చిన్న ముడి వేసింది, లాగింది. ముడి ఊడిపోయింది.

"బావుందమ్మా. కానీ ఇది ముడి ఆగదు," అని నవ్వింది.